బల్ల కింద పేర్లు

తొమ్మిదో గోలు పడింది. కొత్తగా ఆడటానికొచ్చిన తెక్లాది ఇంకా సున్నాయే.

"ఒలిందో, ఒక్కటి వదలవయ్యా," అంది కౌంటర్ వెనకనుంచి డెల్ఫీనా, కప్పులు తుడుస్తూనే. "ఒక్కటంటే ఒక్కటి."

"ఆటంటే ఆటే," అన్నాడు ఆమె మొగుడు, ఆట బల్ల ఊచ మీదనుంచి చెయ్యి తియ్యకుండా.

పదో బంతి టక్కుమని లోపలికి పోయింది.

ఇటలీలోని ఆ కొమాక్యో ఊళ్లో ఆ రోజు పొద్దుటినుంచీ కాలువ మీద మంచు విడలేదు. మధ్యాహ్నం మూడైనా ఊరంతా నిద్రలో నడుస్తున్నట్టే ఉంది. వంతెన కనిపించదు, దాని మీద నడిచేవాళ్ల అడుగులు మాత్రం వినిపిస్తాయి. అలాంటి రోజున బల్ల ఫుట్‌బాల్ ఆడుతుంటే, ఊచలకు గుచ్చిన ఆ చెక్క బొమ్మలు వాటంతటవే ఆడుతున్నట్టుంటుంది. ఆ మత్తంటే ఒలిందోకి ప్రాణం.

తెక్లా నేల వంక చూసింది. తన తెల్ల ప్యాంటు వంక చూసుకుంది. వంతెన అవతలి మందుల షాపులో చేరి పది రోజులు కాలేదు గానీ, ఈ బార్ ఆనవాయితీ అప్పుడే ఆమె చెవిన పడింది. సున్నాతో ఓడినవాళ్లు బల్ల కింద ఇటునుంచి అటు పాకాలి. అక్కడ దారానికి వేలాడే పెన్సిలుతో బల్ల అడుగున పేరు రాయాలి. పాకనివాళ్లు మళ్లీ ఊచ ముట్టుకోకూడదు.

"వెళ్తానండీ, మధ్యాహ్నం మళ్లీ షాపు తెరిచే వేళయింది," అని కోటు అందుకుంది.

"చూశావా?" అంది డెల్ఫీనా మొగుడితో. "మొన్న ఆ టీచరు, నిన్న పడవల మెకానిక్కు, ఇవాళ ఈ పిల్ల. ఒక్కరైనా పాకారా? కోటేసుకుని పోవడమే. ఆరింటికి ఊరి పోటీల జాబితా మూసేస్తారు. జట్టుకి నలుగురుండాలి. నువ్వు, నేను, పోస్టుమాన్ జీనో. నాలుగో మనిషిని ఎక్కణ్ణించి తెస్తావు, మంచులోంచి పిండుతావా?"

యాభై ఏళ్లుగా ఆ జాబితాలో ఉన్న బార్ పేరు ఇవాళ్టితో కొట్టేస్తారు. ఆ సంగతి ఒలిందోకీ తెలుసు. అయినా గీర మాత్రం తగ్గలేదు.

"నేనొచ్చిన మొదటి రోజు నాకెవరన్నా వదిలారా? అప్పటికి ఈ బార్ ఛాంపియన్‌వి నువ్వు. అలాంటి నిన్నే పది సున్నాతో బల్ల కింద పాకించాను. అందుకే కదా మర్నాడు మళ్లీ వచ్చాను. నలభై ఏళ్లయింది, ఇంకా వస్తూనే ఉన్నాను."

"అవునవును, వస్తూనే ఉన్నావు," అంది డెల్ఫీనా, కప్పును వెలుగుకి పెట్టి చూస్తూ.

ఆ కథ వినని మనిషి ఊళ్లో లేడు. ఒలిందో మొదలుపెట్టగానే కొందరు దగ్గొచ్చినట్టు అటు తిరిగేవాళ్లు. ఇన్నేళ్లలో బల్ల కింద పాకి లేచిన ప్రతివాడూ ముందుగా డెల్ఫీనా వంక చూసి ఓ చిన్న నవ్వు నవ్వేవాడు. పాపం సిగ్గు కాబోలు, అనుకునేవాడు ఒలిందో. తను మాత్రం ఒక్కసారి కూడా కిందికి పోలేదు.

తెక్లా తలుపు తీసింది. మంచు మెల్లగా లోపలికి వచ్చింది. గుమ్మంలో ఆ పిల్ల భుజాలు అప్పుడే సగం చెరిగిపోయినట్టు కనిపించాయి. ఇంకో అడుగు వేస్తే ఆమె ఉండదు. ఆమెతోపాటు ఆరింటికి జాబితాలో బార్ పేరూ ఉండదు.

"అమ్మాయ్," అన్నాడు ఒలిందో. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "ఇంకొక్క ఆట. పాతది చెల్లు. ఈసారి సున్నా వచ్చినవాళ్లే పాకాలి."

తెక్లా తటపటాయించింది. తర్వాత కోటు కుర్చీ మీద పడేసింది.

ఆ ఆట ఎలా సాగిందో ఒలిందోకి సరిగ్గా గుర్తులేదు. బంతి తన బొమ్మల కాళ్ల మధ్యనుంచి తీరిగ్గా దొర్లిపోతూ ఉంటే చూస్తూ నిలబడ్డాడు. మొదటి గోలుకి ప్రాణం పోయినంత పనయింది. మూడోదానికి కాస్త నయమనిపించింది. అయిదోదానికి ఆ పిల్ల బుగ్గలు ఎర్రబడ్డాయి.

"నిద్రొస్తోందా ఒలిందో గారూ?"

"మంచు కదమ్మా, చేతులు పట్టుకుపోయాయి."

పదో గోలు పడగానే తెక్లా చిన్నపిల్లలా గంతేసింది. "కానివ్వండి మరి," అంది నేల చూపించి. "శుభ్రంగానే ఉంది లెండి."

అరవై ఎనిమిదేళ్ల మోకాళ్లు కటకటలాడుతుంటే ఒలిందో బల్ల కిందికి దూరాడు. కిటికీలోంచి తెల్లటి వెలుగు అక్కడిదాకా వచ్చింది. పైన తెక్లా గొంతు వినిపించింది.

"రేపు కూడా ఇదే వేళకి రానా?"

"జట్టులో నీ పేరు రాసేసుకోనా?" అడిగింది డెల్ఫీనా.

"రాయండి."

అమ్మయ్య, అనుకున్నాడు ఒలిందో. కళ్లు చెమర్చాయి. పరువు పోతే పోయింది. వెల్లకిలా తిరిగి, పేరు రాయడానికి జాగా వెతికాడు. పేర్ల మధ్య ఒకచోట, ఇంట్లో సరుకుల చీటీ మీద రోజూ కనిపించే చేతిరాత ఉంది.

"డెల్ఫీనా. పది సున్నా. కావాలనే ఓడాను. కుర్రాడు బాగున్నాడు, రేపు కూడా రావాలి."

దాని కింద వరసగా రకరకాల చేతిరాతలు. "చదివాను, చెప్పను." "నేనూ చెప్పను." "జీనో. చచ్చినా చెప్పను." అలా బల్ల ఆ చివరిదాకా, ఊరు ఊరంతా.

ఒలిందో ఆ వరసంతా చివరిదాకా చదివాడు. తర్వాత పెన్సిలు అందుకుని, అందరికంటే కింద రాశాడు: "ఒలిందో. చదివాను. నేనూ చెప్పను."