మోటారు సైకిలు మీద కాశీ

పిడుగురాళ్ల సున్నపు బట్టీల దగ్గర పున్నారావు మోటారు సైకిలు ఆపాడు. దిగి, రోడ్డు పక్క దుమ్ము దోసిటితో తీసి నెత్తిన చల్లుకున్నాడు. వెనకే వచ్చిన స్నేహితులు సుభానీ, ప్రభాకరరావు కూడా తమ బళ్లకీ మొహాలకీ ఇంత పట్టించారు. కాశీ నుంచి వచ్చేవాళ్లు నున్నగా దువ్వుకున్న తలలతో ఊళ్లోకి వస్తే ఏం బాగుంటుంది?

ముగ్గురూ ఈ నెలరోజులూ ఉన్నది మద్రాసులో. మ్యాట్నీ, ఫస్టు షో, సెకండు షో, మధ్యమధ్య సముద్రపు గాలి. అదీ వీళ్ల తీర్థయాత్ర.

మద్రాసు నుంచి తిన్నగా వస్తే రొంపిచెర్ల పక్కనున్న తమ ఊరికి దక్షిణం వైపు నుంచి చేరాలి. కాశీ ఉత్తరాన ఉంది. అందుకని ఊరికి దూరంగా చుట్టు తిరిగి పిడుగురాళ్ల దాకా పోయి, అక్కణ్ణించి వెనక్కి మళ్లారు. ఈ తెలివి చదువులో చూపించి ఉంటే పున్నారావు ఎస్సెల్సీ ఎప్పుడో గట్టెక్కేవాడు.

అసలు వాడికి కాశీతో ఏం పని? పని ఝాన్సీలక్ష్మితో. ఆ పిల్ల తండ్రి సాంబశివరావు పదిమందిలో తేల్చి చెప్పాడు.

"పొద్దస్తమానం ఆ బండేసుకోని తిరిగేవోడికి పిల్లనెట్టా ఇచ్చేది? మా నాయన కాశీ పోయొచ్చినోడు. నువ్వూ దాని మీదే కాశీ పోయిరా, అప్పుడు చేస్తా."

సాంబశివరావు మాట తప్పే మనిషి కాదు. అబద్ధమాడినవాణ్ణి గడప తొక్కనిచ్చే మనిషీ కాదు.

కాశీ పోయొచ్చిన ఆ నాయన పేరు యల్లమంద. చుట్టుపక్కల ఊళ్లలో కాశీ చూసినవాడు ఆయనొక్కడే. ఏ పెళ్లిలోనైనా మొదటి తాంబూలం ఆయనకే. ఆయన కూర్చునే అరుగు మీద ఇంకొకరు కూర్చోరు.

బయల్దేరే రోజున ఆయన మాత్రం పాపం అడ్డుపడ్డాడు. "ఎందుకురా అబ్బాయ్, చానా దూరం. శ్రీశైలం పోయిరా, పుణ్యం అదే వస్తది. మావోడికి నేను చెబుతాగా" అన్నాడు. పున్నారావు వింటేగా. బళ్లు కదిలిన రోజు నుంచీ పెద్దాయన సరిగ్గా అన్నం తినలేదు, నిద్రపోలేదు. పరాయి పిల్లల మీద కూడా ఎంత ప్రేమో అని ఊరు చెప్పుకుంది. ఊళ్లకేం, ఏదో ఒకటి చెప్పుకుంటాయి.

బట్టీ పక్కన లారీలు కడిగే తొట్టి ఉంది. పున్నారావు అందులో రాగి చెంబు ముంచాడు. సైకిళ్ల షాపు పెట్టుకుని బతికే సుభానీ మూతకి టంకం పెట్టి బిగించాడు. గంగమ్మ తయారైంది.

"ఒరేయ్, తాత గుచ్చి గుచ్చి అడిగితే ఏందిరా చేసేది?" అన్నాడు ప్రభాకరరావు.

"ఏముందిరా. గంగ ఉంటది, గుడి ఉంటది, జనం ఉంటారు. అన్నిటికీ ఊకొడతా."

"కాశీలో ఏం వదిలావని అడిగితే?"

"కాకరకాయ."

"నువ్వెప్పుడు తిన్నావురా దాన్ని?"

"అందుకేగా వదిలింది" అన్నాడు పున్నారావు.

ఊరి మొదట్లో సన్నాయి మేళం ఎదురొచ్చింది. ఆడవాళ్లు బిందెలతో నీళ్లు తెచ్చి ముగ్గురి కాళ్లూ కడిగారు. తలలు నెరిసినవాళ్లు వంగి దండాలు పెట్టారు. సిగ్గున్నవాడైతే అక్కడే చచ్చేవాడు. పున్నారావు చెయ్యెత్తి దీవించాడు.

సాంబశివరావు వాకిట్లో చెంబు అందుకోబోయి ఆగాడు.

"ముందు మా నాయన ఒక ముక్క అడుగుతాడు. కాశీ పోయొచ్చినోడికి పోయొచ్చినోడే సాక్షి" అన్నాడు.

మేళం ఆగింది. యల్లమంద అరుగు దిగి వచ్చాడు. సుభానీ తన బండి ఎటు తిరిగి ఉందో ఓసారి చూసుకున్నాడు.

"విశ్వనాథుడి గుడి ముందర ఒంటి దంతం ఏనుగుండాలే. ఉందా ఇంకా?"

ఆ ఏనుగు సంగతి తెలియనివాళ్లు ఊళ్లో లేరు. యల్లమంద నోట విని విని, పిల్లలు పలక మీద ఏనుగుని గీస్తే ఒక్క దంతమే పెడతారు.

పున్నారావు లోపల లెక్కేసుకున్నాడు. లేదంటే పెద్దాయన మాట కొట్టేసినట్టు. ఉందంటే, అది ఎప్పుడో చచ్చి ఉంటే, ఆ కబురు ఈయనకి తెలిసి ఉంటే? తలుపు పక్క నుంచి ఝాన్సీలక్ష్మి వాడి నోటివంకే చూస్తోంది. ఒక్క మాటతో పిల్ల దక్కాలి, లేదా పరువు పోయి ఊరు వదలాలి.

"ఉంది తాతా" అన్నాడు.

నోరు తెరిచాక ఇక ఆగే రకమా వాడు?

"ముసలిదైంది. చూపు ఆనటంలా. అయినా నా నెత్తిన తొండం పెట్టింది. పల్నాటోళ్లమంటే గుర్తుపట్టినట్టే తలూపింది తాతా."

జనం చేతులు జోడించారు. ఒకావిడ కళ్లు కూడా తుడుచుకుంది. సాంబశివరావు "పిల్ల నీదేరా" అంటూ లారీలు కడిగే నీళ్ల చెంబుని కళ్లకద్దుకున్నాడు.

యల్లమంద పున్నారావుని దగ్గరికి లాక్కుని కౌగిలించుకున్నాడు. నెలరోజులుగా వాడిపోయి ఉన్న ముసలి మొహం ఒక్కసారిగా తేటపడింది. మేళం మళ్లీ అందుకుంది. ఆ గోలలో వాడి చెవి దగ్గర నోరు పెట్టి, మెల్లగా అన్నాడు.

"ముప్పై ఏళ్ల కిందట నెల్లాళ్లు బెజవాడ సత్రంలో పడుకోని ఆ ఏనుగుని నేనే పుట్టించాన్రా, ఇంక దాన్ని సాకటం నీ వంతు."