పద్నాలుగో ట్రే

నీళ్ళు ఆపిన ఆరో రోజు పొద్దున్నే మొలకలు మళ్ళీ తలలు వాల్చేశాయి.

విజిటింగ్ స్కాలర్ స్టూలు లాక్కుని ట్రే పక్కన కూలబడ్డాడు. ఇది పదమూడోసారి. ప్రొఫెసరమ్మ ఇరవై ఏళ్ళ కిందట రాసిన వ్యాసం ప్రకారం, ఆవిడ చెప్పిన ద్రావణంలో ఒక పూట నానబెట్టిన గోధుమ గింజల మొలకలు, నీళ్ళు ఆపేశాక కూడా పన్నెండు రోజులు పచ్చగా నిలవాలి. ఆ వ్యాసం పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. తన కాలేజీలో ఎనిమిదేళ్ళుగా అతనే దాన్ని బోర్డు మీద రాసి మరీ చెప్పాడు. పరాయి దేశం వచ్చి స్వయంగా చేస్తే మాత్రం, మొలకలు ఆరో రోజు దాటితే ఒట్టు.

ప్రొఫెసరమ్మ పద్ధతి ఆవిడది. ఏ ఫలితమైనా ఇంకో మనిషి చేతిలో, పక్కనుంచి ఎవరూ ఏమీ అందించకుండా తేలాలి. తేలేదాకా తన అభిప్రాయం చెప్పదు, పని పూర్తయిందన్న కాగితం మీద సంతకమూ చెయ్యదు. ఆ సంతకం లేకపోతే అతని కాలేజీ అతన్ని తిరిగి ఉద్యోగంలో చేర్చుకోదు. ఆరు నెలలకని వచ్చినవాడు పదకొండో నెలలో పడ్డాడు.

ఆ రోజూ ఆవిడ తొమ్మిదింటికల్లా వచ్చి ట్రే చూసి, తర్వాత అతన్ని చూసింది.

"ఏమంటారు?"

"నా పొరపాటే మేడమ్. కొలతల్లో ఎక్కడో తేడా చేసుంటాను."

"పొరపాటు మీదేనా?"

"నాదే మేడమ్."

"బాగా ఆలోచించే చెబుతున్నారా?"

"మీ వ్యాసంలో తప్పెందుకుంటుంది మేడమ్. నా చెయ్యే సరిగా లేదు."

ఆవిడ చేతిలోని ఫైలు తెరవబోయి మూసేసింది. "అయితే మళ్ళీ చెయ్యండి," అని వెళ్ళిపోయింది.

పదమూడుసార్లూ ఇదే వరస. ఆ ప్రశ్నల్లోని వెటకారానికి అతనికి ఒళ్ళు మండిపోయేది. ఏడోసారి మాత్రం, ఇది రాదు మేడమ్ అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. గోడ మీద ఆవిడ పెద్ద బహుమతి అందుకుంటున్న ఫోటో కనబడి మింగేశాడు. గురువులాంటి మనిషిని ముఖం మీదే మీది తప్పు అనడం అతని ఇంటావంటా లేదు.

గదికి కిటికీ లేదు. మొలకల కోసం పెట్టిన దీపాల కింద బయట ఎండో వానో కూడా తెలిసేది కాదు. తలుపుకు తాళం లేదన్న మాటే గానీ, అది జైలుకు ఏమాత్రం తీసిపోదు.

మంగళవారాలు పై అంతస్తులో మొదటి ఏడాది పిల్లలకు ప్రయోగాల పుస్తకం ఎలా రాయాలో చెప్పేవాడు. పాఠంలో ఉన్నదీ మనకు వచ్చిందీ వేరైతే ఏం రాయాలని ఆ వారం ఒకమ్మాయి అడిగింది. వచ్చిందే రాయాలని తడుముకోకుండా చెప్పాడు. చెప్పి, మెట్లు దిగి వచ్చి, పద్నాలుగో ట్రేలో గింజలు పరిచాడు.

ఇంటికి ఫోన్ చేస్తే భార్య సరదాగానే మొదలుపెట్టింది. రెండేళ్ళ కూతురు ఫోనునే నాన్న అంటోందట. ఛార్జింగ్ పెడితే, నాన్న అన్నం తింటున్నాడని అందరికీ చెబుతోందట. ఇద్దరూ నవ్వుకున్నారు. నవ్వు ఆగాక ఆమె గొంతు మారింది.

"ఏమండీ, నిజం చెప్పండి. అసలు వచ్చే ఉద్దేశం ఉందా?"

అతనికి కళ్ళనీళ్ళు తిరిగాయి. ఎలాగో తెలియకుండానే, నెలాఖరుకల్లా వచ్చేస్తానని మాటిచ్చేశాడు.

ఆ సంగతి ట్రేలు కడిగే పెద్దావిడతో చెప్పుకుంటే ఆవిడ చాలా తేలిగ్గా తీసుకుంది.

"మీకంటే ముందు ఆరుగురు వచ్చారు బాబూ. అందరూ మీలాగే తలపట్టుకుని కూర్చున్నవాళ్ళే. చివరికి అందరికీ వచ్చేసింది."

"ఎప్పుడొచ్చింది?"

"అదే చిత్రం. సరిగ్గా ప్రయాణం పెట్టుకున్న వారంలోనే వస్తుంది."

అతను ఎక్కువ ఆలోచించలేదు. ఆలోచిస్తే చెయ్యలేనని తెలుసు. నీళ్ళు ఆపిన ఐదో రోజు మధ్యాహ్నం, పెద్దావిడ భోజనానికి వెళ్ళినప్పుడు, తలుపు వైపు చూస్తూ ట్రేలో నాలుగు చెంచాల నీళ్ళు పోశాడు. ఎనిమిదో రోజు మరో నాలుగు. తొందరలో సగం బల్ల మీద పడ్డాయి. జేబురుమాలుతో తుడిచి, పుస్తకంలో 'నీరు: లేదు' అని గుండ్రటి అక్షరాలతో రాశాడు. తన మీద తనకే అసహ్యం వేసింది.

పన్నెండో రోజుకి ట్రే కళకళలాడుతోంది. ప్రొఫెసరమ్మ వచ్చి ఒక మొలకను వేలితో తాకింది.

"ఈసారి ఏమంటారు?"

"నా పొరపాటు ఎక్కడుందో దొరికింది మేడమ్. మీరు రాసింది అక్షరాలా నిజం."

"నిజమేనా?"

"నిజమే మేడమ్."

ఆవిడ స్టూలు మీద కూర్చుని, అతనికి కావలసిన కాగితం మీద సంతకం చేసి ఇచ్చింది. ఫైల్లోంచి వేరే కాగితం ఒకటి తీసి, రెండుగా చించి చెత్తబుట్టలో వేసింది. క్షేమంగా వెళ్ళిరమ్మని చెప్పి తలుపు వైపు నడిచింది. ఆ నడక చూస్తే ఒక్కసారిగా పదేళ్ళు పైబడినట్టుంది. గొప్ప కబురు విన్న మనిషి ఇలా ఉందేమిటా అనుకున్నాడు.

అతనికి మాత్రం గుండెల మీంచి బండ దించినట్టయింది. భార్యకు చెబుదామని ఫోన్ అందుకుంటుంటే, బుట్టలోని ముక్క మీద తన పేరు కనబడింది. రెండు ముక్కలూ తీసి బల్ల మీద కలిపి పెట్టాడు. ఆవిడ వ్యాసం అచ్చువేసిన పత్రికకు రాసిన ఉత్తరం అది. తేదీ, అతని మొదటి ట్రే వాడిపోయిన రోజుది. కింద ఆవిడ సంతకం ఉంది. దాని పక్కన 'స్వతంత్రంగా పరీక్షించి నిర్ధారించినవారు' అని అతని పేరు టైపు చేసి, సంతకానికి చోటు ఖాళీగా వదిలి ఉంది.

పైన ఒక్కటే వాక్యం: 'ఇరవై ఏళ్ళ కిందట నేను రాసింది తప్పు.'