పాత నీళ్లు

పరీక్ష మందు చుక్కలు వేయగానే గాజు గొట్టంలో చేపల ట్యాంకు నీళ్లు నీలంగా మారాయి. డెస్ దాన్ని కిటికీ దగ్గర వెలుతురులో పెట్టి చూశాడు. చేతిలో ఉన్న రంగుల అట్ట మీద అంత ముదురు నీలం లేనే లేదు.

“ఫాస్ఫేట్,” అన్నాడు. “పెంపుడు చేపల దుకాణం పెట్టాక ఇంత ఎక్కడా చూళ్లేదు. ఏం వేశావు నోరీన్ ఇందులో?”

“చేపల మేతే.”

“మేతా? గొర్రెని గానీ ఎముకలతో సహా వేశావా?”

నోరీన్ నవ్వలేదు.

ముందుగదిలో ఒక గోడంతా ఆ ట్యాంకే. అది చనిపోయిన ఆమె భర్త క్లైవ్‌ది. ఆయన దాన్ని ఎప్పుడూ ట్యాంకు అనలేదు. రీఫ్ అనేవాడు. “రీఫ్‌కి ఆకలేస్తోంది” అనేవాడు. “రీఫ్ దగ్గరున్నాను, తర్వాత మాట్లాడతా” అని ఫోను పెట్టేసేవాడు. ఆస్ట్రేలియా తీరంలోని ఆ టౌన్స్‌విల్‌లో మిగతా అందరికీ రీఫ్ అంటే సముద్రంలో ఉండే పగడాల దిబ్బ. క్లైవ్‌కి మాత్రం పడవెక్కితే వాంతులు. సముద్రం పడని మనిషి సముద్రాన్నే ఇంట్లో పెట్టుకున్నాడని డెస్ దుకాణానికి వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్వేవాడు.

ప్రతి ఆదివారం క్లైవ్ అందులోంచి కొన్ని నీళ్లు తోడేసి, ఉప్పు కలిపిన కొత్త నీళ్లు పోసేవాడు. ముందు వేడి సరిచూసేవాడు, తర్వాత ఉప్పు సరిచూసేవాడు. ఆ పని ఉందని సొంత మేనకోడలి పెళ్లికి కూడా ఆలస్యంగా వెళ్లాడు.

ఆయన పోయాక ఆ నీళ్లు ఎవరూ మార్చలేదు.

పగడాలు ఒక్కొక్కటే ముడుచుకుపోతున్నాయి. వాటిలో పెద్దది ఆకుపచ్చది, వేళ్లలాంటి కొసలున్నది. పక్కనున్నవాటిని కుడుతుందని క్లైవ్ దానికి అత్తగారి పేరు పెట్టాడు, ఈనిడ్ అని. ఇప్పుడు ఈనిడ్ అంచుల్లో కండ ఊడి తెల్లటి గట్టిభాగం బయటపడింది. చారల చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి.

“రాళ్ల మీద ఈ తెల్లదుమ్ము ఏంటి?”

“ఇసుక రేగినట్టుంది.”

డెస్ ఆమె వైపు ఒకసారి చూసి, గొట్టం కడిగి సంచిలో పెట్టుకున్నాడు. “ఇవాళే సగం నీళ్లు మార్చెయ్. రేపు ఇంకొన్ని. క్లైవ్ గాడు ఉండుంటే ఈపాటికి నా పీక పట్టుకునేవాడు. ఆలస్యం చేశావో, ఇక మిగిలేది రాళ్లే.”

“మారుస్తాను.”

అతను వెళ్లాక ఆమె సన్నటి రబ్బరు గొట్టం ట్యాంకులోకి దించింది. బకెట్ నిండింది. దాన్ని పెరట్లో తూము దాకా మోసుకెళ్లింది. వంచబోయింది. చేతులు రాలేదు. వెనక్కి తెచ్చి మళ్లీ రీఫ్‌లోనే పోసేసింది.

తర్వాతి రోజూ అంతే జరిగింది. డెస్ ఫోన్ చేసి అడిగితే “మార్చాను” అంది. ఎక్కణ్నుంచి ఎక్కడికి మార్చిందో చెప్పలేదు.

ఒక చేప చచ్చి రాళ్ల వెనక తేలింది. ఈనిడ్ ఇంకాస్త తెల్లబడింది. నోరీన్ గాజుకి నుదురు ఆనించి కూర్చుంది. టీ చల్లారిపోయింది. పైన పంకా వేడిగాలినే తిప్పుతోంది.

“చావకే,” అంది. “నువ్వు కూడా పోతే ఆయనకి నేనేం చెప్పను?”

ఇక తట్టుకోలేక డెస్‌నే పిలిచింది. అతను కొత్త నీళ్లు డ్రమ్ములకెత్తి బండిలో తెచ్చాడు. ఆమె ఒక్కటే షరతు పెట్టింది. తోడిన నీళ్లు చుక్క కూడా కింద పోకూడదు. అన్నీ అతను తెచ్చిన మూత బకెట్లలోకే పట్టాలి.

“వడపోత దూది కూడానా? ఆ మురికిని సీసాలో పెట్టుకుంటావా?”

“పెట్టుకుంటాను.”

“మీ అమ్మ ఈనిడ్ నయం. ఆవిడ ఖాళీ జామ్ సీసాలే దాచేది.” అంతలోనే అతని గొంతు మెత్తబడింది. “సరేలే. క్లైవ్ తన చేత్తో కలిపిన నీళ్లని కదూ. నాకు తెలీదా. కానీ ఉప్పునీళ్లమ్మా అవి. వాటితో టీ కూడా కాచుకోలేవు.”

నోరీన్ రాళ్ల మీది తెల్లదుమ్మును గొట్టంతో నెమ్మదిగా, ఒక్క మూలా వదలకుండా పీల్చి బకెట్‌లోకి వదులుతోంది.

కొత్త నీళ్లు నిండాయి. మోటారు తిరిగింది. చేపలు కిందికి దిగాయి. చాలాసేపటికి ఈనిడ్ ఒకే ఒక్క కొస బయటికి చాపింది. నోరీన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

“బతుకుతుంది,” అన్నాడు డెస్. “ఇక నా బకెట్లు నాకిచ్చెయ్.”

ఒక బకెట్ ఎత్తుకుని పెరట్లోకి నడిచాడు. తూము దగ్గర మూత తీశాడు. వెనక తలుపు ధడాలున తెరుచుకుంది. నోరీన్ చెప్పులైనా లేకుండా పరిగెత్తుకొచ్చి తూము జాలీ మీద కూర్చుండిపోయింది.

“లే నోరీన్. పక్కింటివాళ్లు చూస్తున్నారు.”

“పొయ్యొద్దు డెస్.”

“పొయ్యక? ఈ పాడు నీళ్లని ఏం చేసుకుంటావు?”

“‘నేను పోయాక నన్ను రీఫ్‌లో కలిపెయ్’ అన్నాడు,” అందామె బకెట్‌ని రెండు చేతులా పట్టుకుని, “ఆయన బూడిదంతా అందులోనే పోశాను.”