మూడు చెంచాలు

"బురదతో సిమెంటా? ఇంకా నయం, కాఫీతో ఇటుకలు చేస్తానన్లేదు!" అన్నాడు సిమెంటాయన.

ల్యాబులో ఉన్న నలుగురూ నవ్వారు. బురదమ్మాయి మాత్రం నవ్వలేదు.

ఆయన ముప్పై ఏళ్ళుగా చమురు బావులకి సిమెంటు వేస్తున్నవాడు. బావిలో దించిన ఇనుప గొట్టానికీ, చుట్టూ ఉన్న రాతికీ మధ్య సందులో సిమెంటు నింపి, అది రాయయ్యేదాకా కాచుకుని కూర్చోవడం ఆయన పని. ఆమె, బావి తవ్వేటప్పుడు లోపల తిప్పే బురదకి ఇంజనీరు. ఆ బురద సందులో ఏ మూల మిగిలినా సిమెంటు సరిగా అతుక్కోదు. అందుకే ఆయనకి బురదన్నా, బురద మనుషులన్నా ఒళ్ళుమంట.

ఇప్పుడీ పిల్ల ఆ బురదని తోడి పారబొయ్యక్కర్లేదంటోంది. ఇనుప కొలిమిలో మిగిలే చిట్టెం పొడినీ, కాస్త కాస్టిక్ సోడానీ అందులోనే కలిపితే బురదే సిమెంటైపోతుందట.

"పగవాణ్ణి తెచ్చి అల్లుణ్ణి చేసుకోమంటావు. అంతేగా?"

"అల్లుడు మంచివాడే సార్. ఒక్కసారి చూడండి."

రెండేళ్ళు దీనిమీదే తల బద్దలు కొట్టుకుందామె. ప్లాస్టిక్ కప్పులో పోసిన నమూనా సాయంత్రానికి గట్టిపడి, కాగితంమీద సిమెంటాయన సంతకం పడితే అసలు బావిలో వేసి చూస్తారు. లేదా, ఫైలు అటకెక్కుతుంది. ఆయన ఔనంటే ఔను, కాదంటే కాదు.

ఉదయం తొమ్మిదింటికి కప్పు నింపింది. బావి అడుగున ఉండేంత వేడితో నీళ్ళ తొట్టి సిద్ధంగా ఉంది. తీరా చూస్తే కప్పుకి మూత లేదు. పక్కగదిలోకి పరిగెత్తింది. మిగతావాళ్ళు అప్పటికే టీకి వెళ్ళిపోయారు.

సిమెంటాయన అటూ ఇటూ చూసి, సంచిలోంచి చిన్న స్టీలు డబ్బా తీశాడు. డ్యూటీకి బయల్దేరే ముందు భార్య నింపి ఇచ్చే డబ్బా అది. క్యాంటీను టీ ఆయన నాలిక్కి ఎప్పుడూ చప్పనే. ఈమధ్య ఇంటి పంచదార ఎంత బాగుంటోందంటే, రెండు చెంచాలు వేసుకునే చోట అర చెంచా సరిపోతోంది.

సిమెంటు వేసేవాళ్ళకి తెలిసిన కిటుకొకటుంది. పంపులో సిమెంటు ఇరుక్కుపోతే పంచదార కలిపేస్తారు. ఇక అది బతిమాలినా గట్టిపడదు.

మూడు చెంచాలు వేశాడు. పెన్సిలుతో గబగబా కలిపి, దాన్ని తుడిచి జేబులో పెట్టుకుని, కిటికీలోంచి ఆకాశం చూడసాగాడు. లోపలెక్కడో కలుక్కుమంది. 'నా బావులు బాగుండాలి, అంతే' అని సర్దిచెప్పుకున్నాడు.

సాయంత్రం అయిదింటికి అందరూ చేరారు. అమ్మాయి మూత తీసి కప్పు ఆయన ముందు పెట్టింది.

"నొక్కి చూడండి సార్."

ధీమాగా బొటనవేలితో నొక్కాడు. వేలు నొప్పెట్టింది. మేకుతో పొడిచాడు. మేకు వంగింది. కప్పు చింపి, ముద్దని నేలకేసి కొట్టాడు. నేలమీది టైలు పగిలింది.

ఆయన వంగి ముద్దని చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. మూడు చెంచాల పంచదార మింగి కూడా రాయైందే! ముప్పై ఏళ్ళలో ఇలాంటి మొండిఘటాన్ని చూసి ఎరగడు. సిగ్గూ సంతోషమూ ఒకేసారి ముంచుకొచ్చాయి. కాగితం లాక్కుని సంతకం పెట్టేశాడు.

"దీన్ని మించిన సిమెంటు లేదు. ఎవడేం కలిపినా లొంగదు. రాసిపెట్టుకోండి!"

అమ్మాయి కళ్ళు తుడుచుకుంటూ, "ఎవరేం కలుపుతారు సార్?" అంది.

"మాటవరసకి అన్నాన్లే తల్లీ."

వారం తర్వాత ఇంటికెళ్ళి, భార్య దగ్గర మాత్రం నిజం కక్కేశాడు.

"తప్పే చేశాననుకో. కానీ నేనా తప్పు చెయ్యకపోతే దాని సత్తా లోకానికి తెలిసేదా? పంచదారనే ఓడించిందే!"

"అలాగా!" అందావిడ.

నవ్వు బిగబట్టుకుని ఖాళీ స్టీలు డబ్బా అందుకుని వంటింట్లోకి వెళ్ళి, ఆర్నెల్లుగా ఆయన కంటపడకుండా దాస్తున్న, పంచదారకి బదులు డాక్టరు వాడమన్న తీపిపొడితో ఎప్పట్లాగే దాన్ని నింపింది.