ఒక్కసారే వినే యంత్రం

గాజువాక గోదాములో పాత క్యాసెట్లను యంత్రానికి వినిపించడం పైడిరాజు ఉద్యోగం. లోకంలోని పాటలన్నీ ఇప్పుడు దాని పొట్టలోనే ఉంటాయి, ఊరూరా మోగేవీ అక్కణ్నుంచే. గోదాములో ఏ మూల పాట వినబడినా పట్టేసుకుంటుంది. విన్న క్యాసెట్‌ను కరిగించేస్తుంది. తెలిసిన పాటైతే మొదటి ముక్కకే గుర్తుపట్టి, మిగతాది వినకుండానే కరిగిస్తుంది.

ఆ రోజు చేతికొచ్చిన క్యాసెట్ మీద తన కాలేజీలోని నలుగురు కుర్రాళ్ల బ్యాండు పేరుంది. అప్పట్లో వాళ్లు స్టేజీ ఎక్కగానే "ఇది రాక్ సంగీతమా, రాక్షస సంగీతమా?" అని అరిచి, ఈలలేసి దింపేసినవాళ్లలో పైడిరాజే మొదటివాడు. ఒక్క పాటా పూర్తిగా విననివ్వలేదు, వినలేదు. ఆ నలుగురిలో ఇప్పుడు ఒక్కరూ బతికిలేరు.

టేపు బాగుందో లేదో చూద్దామని ఇయర్‌ఫోన్లు చెవుల్లో పెట్టుకుని విన్నాడు. ఒళ్లు జలదరించింది. నలభై ఏళ్లు ఆలస్యంగా తల ఊగింది, కాలు ఆడింది, నోరూ ఊరుకోలేదు.

"ఏటి మావా, కూనిరాగమా, ఖూనీరాగమా?" పక్క బల్ల దగ్గర నూకరత్నం నవ్వింది.

"నవ్వకే. రేపట్నుంచి ఊరూరా ఈళ్ల పాటే మోగుతాది, సూడు."

క్యాసెట్ యంత్రంలో పెట్టాడు. రెండు క్షణాల్లో పొగ వచ్చింది.

"అదేటే, వినకుండానే కరిగించీసింది?"

నూకరత్నం తెర చూసింది. నవ్వు ఆగిపోయింది.

"ముందే వినీసిందంట మావా, నీ నోటెంట. పాడినోడు పైడిరాజని రాసీసింది."