ఎడమపక్క తల

"ఫోటో పంపితే సరిపోయేదానికి వస్తువునే మోసుకొచ్చారా?" కుర్చీలోంచి లేవకుండానే అడిగాడు క్యూరేటర్.

"మీరే తెమ్మని జవాబు రాశారు కదండీ," అన్నాడు షావుకారు, చంకలోని మూట దించుతూ.

పాత శిల్పాలు పోగుచేయడం ఆ షావుకారు సరదా. తన దగ్గరున్న స్త్రీ తల, మ్యూజియంలోని ప్రాచీన పాలరాతి తల అచ్చుగుద్దినట్టున్నాయనీ, ఏది అసలుదో తేల్చమనీ రాశాడు. ఆ ప్రశ్నకే క్యూరేటర్‌కు ఒళ్లు మండింది. మ్యూజియానికి పేరు తెచ్చిందే ఆ తల. దాని పేరు చెప్పుకుని అతను ఊరూరా సన్మానాలు చేయించుకున్నాడు. నాలుగు రాళ్లు వెనకేసిన ప్రతివాడూ కళ గురించి మాట్లాడేవాడే!

పరిశీలన గదిలో గుండ్రంగా తిరిగే బల్ల ఉంది. కాపలావాళ్లిద్దరూ ఆపసోపాలు పడుతూ మ్యూజియం తలను తెచ్చి దాని మీద కుడిపక్కన పెట్టి వెళ్లారు. షావుకారు మూట విప్పి, తను తెచ్చినదాన్ని ఎడమపక్కన పెట్టాడు. బయటివాళ్ల వస్తువు ఎప్పుడూ ఎడమపక్కనే. అది అక్కడి పద్ధతి.

"వెనక కొప్పులు కూడా చూడొచ్చాండీ?" షావుకారు వినయంగా అడిగాడు.

"చూసుకోండి. చూస్తే మాత్రం మీకేం అర్థమవుతుంది?"

ఇంతలో ఫోను మోగింది. క్యూరేటర్ కిటికీ దగ్గరకెళ్లి, మరో సన్మానం గురించి తీరిగ్గా మాట్లాడాడు. షావుకారు బల్లను మెల్లగా తిప్పుకుంటూ చూశాడు.

క్యూరేటర్ తిరిగొచ్చి కుడివైపు చెయ్యి చాచాడు. "ఆ పెదవి మీద నవ్వు చూశారా? అలా చెక్కడానికి పెట్టి పుట్టాలి. ఇక ఎడమపక్క మీది... ఆ ముక్కు చాలు. సంతలో సరుకు!"

"ఒక్కసారి దగ్గరగా చూసి..."

"ఇలాంటివి నేను ముట్టుకోను. ముందు దాన్ని ఇక్కణ్ణుంచి తీసుకెళ్లండి."

"ఎడమపక్కదేగా? తీసుకెళ్లిపొమ్మంటారా?"

"ఎన్నిసార్లు చెప్పాలయ్యా నీకు!" గేటు పాసు మీద సంతకం గీకి విసిరాడు.

షావుకారు ఆ తలను గుడ్డలో చుట్టి, రెండు చేతులా పొదివి పట్టుకుని, ఒగురుస్తూ గుమ్మం దాటాడు. ముఖం ఎర్రగా కందిపోయింది. ఇన్నాళ్లకు సిగ్గొచ్చినట్టుంది వెధవకి అనుకున్నాడు క్యూరేటర్. అతనికి కడుపు నిండినట్టయింది.

"మన తలను జాగ్రత్తగా లోపల పెట్టండి. ఇద్దరూ పట్టుకోవాలి!" అని కేకేశాడు.

కాపలావాడు ఒక్కడే వచ్చి దాన్ని ఒంటిచేత్తో ఎత్తేశాడు.