గేటు దగ్గర మట్టి

బస్సు ఆగగానే అందరికన్నా ముందు దిగింది బ్రెన్నా హాగెన్.

దిగీదిగగానే గేటు పక్కనే, మట్టి తీసే గొట్టాన్ని నేలలోకి గుచ్చింది.

తొందర ఉండదా మరి! అమెరికాలోని మినసోటాలో ఓ మారుమూల జిల్లాలో, నేల, నీటి సంరక్షణ ఆఫీసులో మూడేళ్ళుగా పనిచేస్తోంది. వాననీరు పొలాల్ని కోసేయకుండా గడ్డి పెంచే కాలువలకి ప్లాన్లు గీస్తుంది. గీయడం వరకే. సంతకం పెట్టే అర్హత లేదు. అది రావాలంటే ఏడాదికోసారి జరిగే ఈ శిక్షణలో నెగ్గాలి.

రెండేళ్ళూ రాతపరీక్షలోనే తప్పింది. పొలం దాకా రావడం ఇదే మొదలు.

"ఈసారీ తప్పితే నీ సీటు ఇంకొకరికి" అని చెప్పే పంపారు ఆఫీసు పెద్దలు.

"నీళ్ళు ఈ పొలం మధ్య నుంచి దిగుతాయి. మట్టి ఏ రకమో చూసి, కాలువ ఎంత వెడల్పుండాలో తేల్చండి. నలభై నిమిషాలు" అన్నాడు కర్ట్. రాజధాని నుంచి వచ్చిన శిక్షకుడు.

మే నెల. మొక్కజొన్న అప్పుడే మొలకెత్తింది. నిన్నటి వానకి పొలమంతా బురద. సగానికి పైగా గేటు దగ్గరే ఆగిపోయారు.

బ్రెన్నా తడిమట్టిని బొటనవేలితో పట్టీలా ఒత్తింది. తెగకుండా పొడుగ్గా వచ్చింది. బంకమన్ను. నీళ్ళకి ఓ పట్టాన కోసుకుపోదు. ఇరుకు కాలువ చాలని లెక్క వేసేసింది.

"అమ్మాయీ, కాఫీ."

బస్సు డ్రైవరు ఎల్డన్. డెబ్భై దాటి ఉంటాడు. ఏటా ఈ బస్సు ఆయనే తోలతాడు, ఫ్లాస్కు పట్టుకుని ఆయనే తిరుగుతాడు.

"ఇప్పుడొద్దు పెద్దాయనా, టైము లేదు."

"ఇది తాగుతూ పొలం మధ్యకి నడువు. అక్కడ కూడా ఓసారి గుచ్చి చూడు."

"బస్సు తోలేవాళ్ళు కూడా పాఠాలు మొదలుపెట్టారా?"

"బూట్లు బురద చేసుకోమనడానికి చదువెందుకు?"

"మొలకలు తొక్కితే ఆసామి ఊరుకుంటాడా?"

"ఊరుకుంటాడు. నాకు తెలుసాయన."

"మంచోడా?"

"ఏమో. తెలివైనోడు మాత్రం కాదు."

ఆమెకి నవ్వొచ్చింది. కప్పు అందుకుని, సణుక్కుంటూనే బురదలోకి నడిచింది.

అక్కడి మట్టి పట్టీ కట్టనే లేదు. పిండిలా వేళ్ళ మధ్య జారిపోయింది. గేటు దగ్గరున్నది అసలు పొలం మట్టే కాదు, రోడ్డు వేసినప్పుడు ఎక్కడినుంచో తెచ్చి పోసింది.

బ్రెన్నా కాగితం బయటికి తీసింది. లెక్క కొట్టేసి, కాలువ వెడల్పు మూడు రెట్లు చేసి ఇచ్చింది.

పన్నెండు మందిలో నెగ్గింది నలుగురు. వాళ్ళలో బ్రెన్నా ఉంది.

ఫలితాలు చెప్పాక కర్ట్ అందర్నీ అదే పొలంలో, చివరనున్న దిబ్బ అవతలికి తీసుకెళ్ళాడు. అక్కడ మనిషి లోతు గండి.

"దీన్ని వెర్రోడి గండి అంటాం. ఇరవై రెండేళ్ళ కిందట ఒక మహానుభావుడు బూట్లకి బురదంటకుండా ఇదే గేటు దగ్గర మట్టి చూసి కాలువ గీశాడు. మొదటి పెద్దవానకే కొట్టుకుపోయింది. పైమట్టంతా ఏట్లో కలిసింది. రైతు పొలం అమ్ముకుని ఊరొదిలాడు."

"ఎవరా మహానుభావుడు?"

"కాగితాల్లో పేరు కొట్టేసి ఉంది. ఈ గేటు మట్టి సంగతి మీ ఆఫీసుల్లో చెప్పకండి, వచ్చే ఏడు నా పరీక్ష పాడవుతుంది."

అందరూ నవ్వారు. తప్పినవాళ్ళు కాస్త తక్కువ నవ్వారు. బ్రెన్నా పగలబడి నవ్వింది.

బస్సెక్కుతూ ఎల్డన్‌తో అంది. "విన్నారా పెద్దాయనా, ఆ వెర్రోడి కథ?"

"ఏటా వింటాను."

"అలాంటోడి చేతికి సంతకం ఎవరిచ్చారో!"

"నేనూ అదే అనుకుంటాను" అని ఆయన తలుపు మూసి బస్సు కదిలించాడు.

థాంక్స్ చెప్పలేదని ఇల్లు చేరాక గుర్తొచ్చింది. వచ్చే ఏడు చెప్పొచ్చులే అనుకుంది.

ఆ ఏడాది బ్రెన్నా సంతకంతో పదకొండు కాలువలు తవ్వారు. ఒక్కటీ తెగలేదు. మళ్ళీ మే వచ్చేసరికి, సాయంగా పాఠం చెప్పడానికి రమ్మన్నాడు కర్ట్.

అమ్మ చేత బంగాళాదుంప లెఫ్సె రొట్టెలు చేయించి, డబ్బాలో పెట్టుకుని బస్సెక్కింది. తోలుతున్నది ఎవరో కొత్తావిడ.

"ఎల్డన్ రాలేదా?"

"నాకు తెలీదమ్మా. నన్ను ఈ వారమే పెట్టుకున్నారు."

పొలం గేటుకి తాళం వేసి ఉంది. పొలాన్ని కౌలుకి చేసే డ్వేన్ బయటే నిలబడ్డాడు.

"లోపలికి పోనివ్వలేను. ఆసామి మార్చిలో పోయాడు. ఆయనిచ్చిన అనుమతి ఆయనతోనే సరి. ఇప్పుడు పొలం మేనకోడలిది. ఆ గండి పూడ్పించేస్తానంటోంది."

"ఇన్నాళ్ళూ ఆయనెందుకు పూడ్చలేదు?" అన్నాడు కర్ట్.

"నన్నడిగితే? పాడైన పొలాన్ని కోరి కొన్నాడు. పిచ్చాయన. ఇదిగో పాత కాగితం, ఆయన సామాన్లలో దొరికిందని ఆమె పంపింది, ఇలాంటిదే ఆమె దగ్గర కూడా రాయించుకు రండి."

రొట్టెల డబ్బా చంకలో పెట్టుకుని, కాగితం మడత విప్పింది బ్రెన్నా.

అనుమతి ఎందుకిస్తున్నారు అన్న గడిలో, ఇరవై రెండేళ్ళ నాటి సిరాతో ఇలా ఉంది: "ఈ కాలువ గీసింది నేనే, గండి పూడ్చొద్దు, కొత్తగా వచ్చే పిల్లలకి చూపించండి, నవ్వితే నవ్వనివ్వండి. ఇట్లు, ఎల్డన్ నీగార్డ్."